కాకి వాలని కొండెక్కిన జీపు

నకరికల్లు పక్క పల్లెలో మిరపా పత్తీ పండించే గోపాలకృష్ణయ్య దగ్గర అంకారావు పదకొండేళ్ళుగా జీపు డ్రైవరు. ఆ జీపు పాతది, వెనక చక్రాలు మాత్రమే లాగే రకం. ఇప్పుడు గోపాలకృష్ణయ్య ముందు రెండు దార్లున్నాయి. ఒకటి, గుంటూరు షోరూములో చూసొచ్చిన కొత్త జీపు: నాలుగు చక్రాలూ లాగుతాయి, పైన రేకు టాపు, మెత్తటి సీట్లు, టేపు రికార్డరు. రెండోది, పాతదాన్నే నరసరావుపేటలో కాలేషా మెకానిక్ షెడ్డులో పెట్టి, మిలిట్రీ వేలంలో దొరికే సామాను తొడిగించి, ముందు చక్రాలు కూడా లాగేట్టు చేయించడం.

అంకారావు మనసంతా కొత్తదాని మీదే ఉంది. కానీ ఆ పొద్దున దారిలో గోపాలకృష్ణయ్య మామూలుగా ఒక మాటన్నాడు. "కొత్తది కొంటే, ఫోర్ వీల్ తోలి అలవాటున్న డ్రైవర్ని గుంటూరు నుంచి పిలిపించుకోవాలేమోరా." ఆ మాట అంకారావు గొంతులో చేపముల్లులా దిగబడింది.

కాలేషా షెడ్డుకెదురుగా ధనమ్మ టీ బంకు. బల్ల మీద గోపాలకృష్ణయ్య కూర్చున్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటా కాలేషా వచ్చి నిలబడ్డాడు. టీ తాగేవాళ్ళు ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. ఇంతమంది దొరికితే అంకారావు నాలుక ఊరుకోదు.

"ఫోర్ వీల్ తోలటానికి గుంటూరు డ్రైవరెందుకయ్యా?" అన్నాడు గ్లాసు పక్కన పెట్టి. "రెండు చక్రాలతోనే నేను చేసిన పనులు చూస్తే ఆ గుంటూరోడు స్టీరింగొదిలేసి దణ్ణం పెడతాడు. మొన్న ఎండాకాలం అకాలవానకి మన నాగులమెట్ట కాడ, మిరపకాయల బస్తాలతో ట్రాక్టరు నల్లరేగడిలో దిగబడిపోయిందా, నేను మోకు గట్టి, ఫస్టు గేరేసి, మెల్లిగా, తల్లి బిడ్డని ఉయ్యాల్లోంచి తీసినట్టు తీశా."

"అది జరిగే పనేలే," అన్నాడు కాలేషా.

ఆ ఒక్కమాటా చాలు అంకారావుకి.

"అది లెక్కలోది కాదు భాయ్. కోటప్పకొండ తిరునాళ్ళప్పుడు ఏమైందో తెలుసా? బండి మీద నిలబెట్టిన తొంభై అడుగుల వెదురు ప్రభ, పైన రంగు బల్బులు, కింద మేళం. పక్క చేలోకి పెట్టిన నీళ్ళు దోవలోకొచ్చి ప్రభబండి చక్రం ఇరుసుదాకా కూరుకుపోయింది. ఇరవై జతల ఎడ్లు గట్టారు. కదిలితేనా! ఎడ్లు పడుకున్నయ్, మనుషులు కూచున్నారు. అప్పుడు నేను జీపు దిగకుండానే, ఒరేయ్ మోకిటు పడెయ్యండ్రా అన్నా. కట్టారు. లాగా. ప్రభ వచ్చింది. వచ్చింది సరే, ఆగందే! జీపు ఊపులో ఉంది, ప్రభ వెనకాల వస్తా ఉంది, మేళంవాళ్ళు వాయిస్తానే ఉన్నారు, ఎదురుగా కొండ. బ్రేకేస్తే ప్రభ నా మీదబడుద్ది. ఏం జెయ్యాలి?"

"ఏం జేశావన్నా?" అన్నాడు సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒకతను.

"మెట్లున్నయ్ గదా! ఎక్కిచ్చా. ఒక్కో మెట్టూ లెక్కబెట్టుకుంటా ఎక్కిచ్చా. కాకి వాలని కొండంటారే, ఆ కొండ మీద ఆ పొద్దు నా జీపు వాలింది. పూజారిగారు బయటికొచ్చి, నాయనా అంకారావూ, స్వామికి ప్రభలు కిందనుంచే చూపిస్తారు గాని, ఎదురుగా తెచ్చి నిలబెట్టినోడివి నువ్వేరా అని పులిహోర పొట్లం చేతిలో పెట్టాడు."

బంకు దగ్గర నవ్వులు లేచాయి. గోపాలకృష్ణయ్య మాత్రం నవ్వలేదు, ఆపమనీ అనలేదు. టీ ఊదుకుంటా వింటున్నాడు. అది చూసి అంకారావుకి ఇంకా హుషారొచ్చింది. అయ్యగారు మెత్తబడుతున్నారు, ఇంకొక్క దెబ్బేస్తే గుంటూరోడి పీడ విరగడవుద్ది అనుకున్నాడు.

"ఇదీ ఒక లెక్కా? మాచర్ల నుంచొస్తుంటే చంద్రవంక వాగు పొంగి రోడ్డు లేదు. ఇటు బస్సులు, అటు లారీలు. నాకేమో పొద్దుగూకేలోపు ఇంటికి రావాల. ఇంకో దోవ ఏదీ? ఎత్తిపోతల. అవును, జలపాతమే! కిందనుంచి పైకి ఎక్కిచ్చా."

"నీళ్ళు కిందికి గదా పడేది?" అన్నాడు కాలేషా.

"అందుకే గదా వైపర్లేశా! చక్రాలు జారుతున్నయ్, జీపు వెనక్కొస్తుంది. కింద మడుగులో మొసళ్ళు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ముసలి మొసలి, మూరెడు నోరు దానిది, వచ్చి వెనక బంపరుకి తలానించి ఒక్క తోపు తోసింది. జీపు పైకి! ఒడ్డున ఆపి, ఇంజను వేడెక్కిందేమోనని బానెట్టెత్తి చూస్తే, రేడియేటరు మీద నాలుగు కొరమేనులు, చక్కగా వేగిపోయి ఉన్నయ్. ఉప్పొక్కటే తక్కువ."

నవ్వీ నవ్వీ సైకిలాయన స్టాండు వేసి నేలమీదే కూర్చున్నాడు. టీ వడపోస్తున్న ధనమ్మ మాత్రం నింపాదిగా అంది.

"అంకారావన్నా, పాత బండే జలపాతం ఎక్కితే, అయ్యగారికి కొత్తదెందుకు? ఆ మిలిట్రీ సామాను మాత్రం ఎందుకు? దండగ."

గోపాలకృష్ణయ్య గ్లాసు బల్లమీద పెట్టాడు.

"ధనమ్మ చెప్పింది సబబే. ఏం కాలేషా, ఉన్న బండి ఉన్నట్టే ఉంచుదాం. ఏమీ చెయ్యొద్దు."

అంకారావు గభాలున ముందుకొచ్చాడు. కొత్త జీపు పోయిందని కాదు. ఉన్నది ఉన్నట్టే ఉంటే, మళ్ళీ వానలొస్తాయి, మళ్ళీ ఆ చేలదోవ, మళ్ళీ ఆ బురద. గోపాలకృష్ణయ్య లేవబోయాడు.

"అయ్యా, ఆగండి." అంకారావు గొంతు అతనికే కొత్తగా వినపడింది. "ఉన్నదాంతో కాదు. ఆ బండి బురదలో పనికిరాదు."

"అదేందిరా? కొండెక్కిందిగా!"

"ఎక్కలా. ఏదీ ఎక్కలా." అందరూ తననే చూస్తున్నారని అతనికి తెలుస్తానే ఉంది. ఇన్నాళ్ళూ ఆ చూపుల కోసమే బతికాడు. ఇప్పుడు అవే వంటిమీద గుచ్చుకుంటున్నాయి. "పోయిన వానల్లో పత్తిచేలో కూలికొచ్చిన కొండమ్మకి పాము గరిచింది గదయ్యా. జీపులో ఆస్పత్రికి చేర్చింది నేనేనని ఊరంతా చెప్పా. చేర్చలా. చేలదోవలో సగానికొచ్చి దిగబడ్డా. ఎంత తొక్కినా వెనక చక్రాలు గుంట తవ్వుకుంటున్నయ్యే గాని బండి కదల్లా. వెనక సీట్లో ఆమె, ఇంకెంతసేపన్నా అనడుగుద్ది. అయిదు నిమిషాలమ్మా అంటన్నా. మళ్ళీ అడుగుద్ది. మళ్ళీ అయిదు నిమిషాలంటన్నా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "కూలోళ్ళు మంచం తెచ్చి, రోడ్డుదాకా మోసుకుబోయి బస్సెక్కించారు. ఆమె బతకటం వాళ్ళ పుణ్యం. జీపుని మర్నాడు ఎవరో తోలుకొచ్చిన ఎడ్లు గట్టి లాగించా. అయ్యా, గుంటూరు డ్రైవర్నే పెట్టుకోండి. కానీ నాలుగు చక్రాలూ లాగే బండి పెట్టండి."

కాలేషా తల దించుకుని చేతులు మళ్ళీ తుడుచుకున్నాడు. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"ఆ ఎడ్లెవరివనుకున్నావురా?" అన్నాడు గోపాలకృష్ణయ్య నెమ్మదిగా. "మనయ్యే. మంచం మోసినోళ్ళల్లో మన పాలేరు కూడా ఉన్నాడు. వాడు ఆ సాయంత్రమే వచ్చి చెప్పాడు. లేకపోతే ఈ ఫోర్ వీల్ గోల నాకెందుకు? నాకు టేపు రికార్డరు కావాలా, పాటలు కావాలా?"

అంకారావు ఖాళీ గ్లాసు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వొచ్చి చెబుతావేమోనని చూశా. నువ్వేమో మొసలిని తీసుకొచ్చావ్." ఆయన కాలేషా వైపు తిరిగాడు. "కొత్తది బుక్ చేస్తే చేతికొచ్చేటప్పటికి ఏడాదంటన్నారు. వానలు అందాకా ఆగవు. పాతదానికి ఎన్నాళ్ళు పడుద్ది?"

"రెండు వారాలు సాబ్. ముందు చక్రాల ఇరుసుకి హౌసింగు, ఇంకో గేరుబాక్సు, పెద్దగళ్ళ టైర్లు. చూట్టానికి అట్నే ఉంటది, బురదలో మాత్రం ఆగదు."

"చూట్టానికి ఎట్లుంటే ఏందిలే. చెయ్యి."

"మరి డ్రైవరు?" అని అడిగింది ధనమ్మ, అంకారావు అడగలేకపోయిన మాట.

"పాత బండికి పాత డ్రైవరే. రెండు వారాలూ ఈడే ఉండి, ఆ ముందు చక్రాల సంగతి కాలేషా దగ్గర నేర్చుకోమను."

ధనమ్మ ఇంకో టీ పోసి అంకారావు చేతికిచ్చింది. నేలమీదనుంచి సైకిలాయన లేచి, పంచె దులుపుకుంటా ఆశగా అడిగాడు.

"అన్నా, ఇంతకీ జీపుని లాగటానికి ఎన్ని జతల ఎడ్లు గట్టారు?"

అంకారావు నోరు తెరిచాడు. అందరూ ముందుకు వంగారు. అతను గోపాలకృష్ణయ్యని చూశాడు, టీ గ్లాసుని చూశాడు.

"ఒక్క జతే," అన్నాడు. "అందులో ఒకటి కుంటిది."