గిట్టల పైన మచ్చ

బొల్లారంలో ఒకప్పుడు గాడిదల మీద బట్టల మూటలు మోయించిన ఇల్లు అది. ఇప్పుడు ఆ ఇంటి మనవరాలు లాప్‌టాప్‌లో ఫొటోలు తిప్పుతుంటే నానమ్మ తొంగి చూసింది.

“ఇంజనీరింగ్ చదివి మల్ల గాడిదల దగ్గరికే వచ్చినవా బిడ్డా?”

“ఇవి అడవి గాడిదలు నానమ్మా. గుజరాత్‌ల, కచ్ ఎడారిల ఉంటయ్. ఉప్పునేల మీద గడ్డి తిని బతుకుతయ్. వానకాలం నేలంతా నీళ్లు నిండితే మిట్టలెక్కుతయ్. ఎవ్వరికీ లొంగవు.”

“మరి గీ ఫొటోల నడుమ ఉన్నది లొంగింది కదా.”

“ఏందీ?”

“ముందు కాళ్ళు చూడు. గిట్టల పైన బొచ్చు ఊడిపోయి మచ్చ పడ్డది. మేతకు ఇడిసినప్పుడు దూరం పోకుండ మీ తాత ముందు కాళ్ళు రెండూ కలిపి తాడు కట్టేటోడు. గిట్లనే మచ్చ పడేది. ఇది ఎవరో పెంచుకున్నది.”

“అయ్యో, ఫొటోలు చూసి లెక్కపెట్టే నా ప్రోగ్రాం దాన్ని సుత అడవిదనే లెక్కపెట్టింది!”

“పెడితే ఏమైతది?”

“ఇట్లాంటివి ఇంకెన్ని కలిసినయో! ఆ లెక్కతోనే మంద పెరిగిందని రిపోర్ట్ రాసిన. అయిదింటికి పంపాలె. పెరిగినయంటే అటవీశాఖోళ్లు కాపలా తగ్గిస్తరు నానమ్మా.”

“తప్పైందని మీ సార్‌కు చెప్తవా?”

“చెప్తా. తిడితే పడతా. ఇయ్యాల పంపను. మొత్తం మల్ల చూస్తా.”

“ఎన్ని ఫొటోలు?”

“తొమ్మిది వందలు.”

“జెర జరుగు. నా కళ్ళద్దాలు తే. అడవివి నువ్వు లెక్కపెట్టు, మన గాడిదలను నేను ఏరుతా.”