తీర్థం సల్లినంక ఆగిన సప్పుడు

"అవ్వా, ఫాదర్ గారు మా కొత్త ఇల్లంతా తీర్థం నీళ్లు చల్లుతుంటే అందరూ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. మీరొక్కరే ఎందుకు నవ్వారు?"

నవ్విన్నా? నవ్విన తియ్యి. నువ్వు సూసినవా? నీ కండ్లు మస్తు జోరే పావనీ. ఫాదర్ గూడ సూసిండేమో, ముసల్దానికి మతి పోయిందనుకుంటడు. దా, ఇట్ల కూసో. ఆ సోఫ నాకొద్దు, లోపలికి గుంజుకుంటది, లేవరాదు. నేను కిందనే కూసుంట. మీ బౌరంపేట్ల అన్ని నున్నటి బండలేనాయె, జర్ర తడి ఉంటే కాలు పోతది. చాయ్ పెడ్తవా? పెట్టు. చక్కెర ఎయ్యి, మీ అత్త లేదు గదా.

నిన్ను సూసే నవ్విన బిడ్డ. కోపం జేయకు. ఫాదర్ ఈ గోడ దిక్కు తిరగంగనే, నువ్వు ఉరికొచ్చి కాలం జేసిన మీ నాయిన ఫోటో ముంగట నిలవడ్డవ్. చున్నీ అడ్డం పెట్టినవ్. ఒక్క సుక్క మీద వడనియ్యలే. నీ పెనిమిటి, మా జోసెఫ్ ఏమనుకున్నడు, ఫోటో తడుస్తదని పెట్టినవనుకున్నడు. మొగోళ్లకు ఏమెరుక? నాకు ఎరుకైంది. ఆ నీళ్లు వడితే మీ నాయిన ఇగ గీ ఇంటికి రాడని భయమైంది నీకు. అవునా కాదా?

అగో, ఏడుస్తవేంది. ఏడ్వకు. నేను గూడ గదే భయం వడ్డ. నీకన్న ఎక్కువ వడ్డ, నెల రోజులు సరిగ బువ్వ తినలే. గది యాదికొచ్చి నవ్విన. నిన్ను సూస్తే నన్ను నేను సూసుకున్నట్టయింది. చాయ్ పొంగుతాంది సూడు ముందుగాల.

మీ తాత, అంటే నీ పెనిమిటికి తాత, నా మనిషి రాయప్ప, నువ్వు సూడలే ఆయన్ని. మంచి మనిషి. మంచి మనిషంటే... కోపం మస్తు, కని తిట్టిన నోటితోనే పిలిచి అన్నం పెట్టుమంటడు, గసుంటి మంచి మనిషి. అప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాక ఎటు సూసినా ద్రాక్షతోటలే. ఇప్పుడంటే వెంచర్లు, పెద్ద పెద్ద గేట్లు, గేటుకొక వాచ్‌మెను. అప్పుడు మీ తాతనే వాచ్‌మెను. మనుషులకు గాదు, పిట్టలకు. కాయ తీపి ఎక్కంగనే రామసిలుకలు, గోరింకలు గుంపులు గుంపులు వస్తయ్. ఒక్క పూట నిద్రవోతే గుత్తికి కాయ మిగలది. మీ తాత ఏంజేసిండు, ఓ పాత నూనె డబ్బ మూత కోసి, బోర్లిచ్చి గుంజకు కట్టి, లోపల ఇంత లావు ఇనుప బోల్టు ఏలాడదీసిండు. దానికి తాడు. మంచె మీద కూసుండి తాడు గుంజితే టంగ్ టంగ్ అని గంట లెక్క మోగేది. మా ఊరి దాక ఇనవడేది. అగో మా ఆయన తెలివి మీదున్నడు అనుకునేదాన్ని నేను, ఇంట్ల రొట్టెలు జేసుకుంట.

అప్పుడు ద్రాక్షలు రూపాయిన్నరకు కిలో. నమ్ముతవా? ఇప్పుడు నీ ఆయన డబ్బల తెచ్చిండు సూడు, లెక్కవెడితే కాయకు రూపాయి వడ్తది. పగిలిన గుత్తులు తోట సేటు మాకే ఇచ్చేటోడు. నా కొడుకు, మీ మామ అంతోని గవి తినే పెరిగిండు. గందుకే గంత పొడుగు.

ఏం సెప్తున్న నేను? ఆ, డబ్బ. తోట అమ్ముడువోయింది. సేటు ఎటో పోయిండు. మీ తాత ఆ డబ్బను సంకల పెట్టుకొని ఇంటికొచ్చిండు. మన ఊరింటి పెరట్ల జామసెట్టు ఉంటుండె, దానికి కట్టిండు. తాడు తెచ్చి అరుగు మీది మంచం కోడుకు ముడేసిండు. పండుకొనే గుంజుడు. జామకాయలు ఎన్నుంటయ్ సెప్పు? సిలుకలు తినంగ మనకు నాలుగు మిగిలినా సాలు. కని ఆయనకు అలవాటు. పొద్దుగూకంగ మేం జపమాల సెప్పుకుంటుంటే నడుమల నడుమల టంగ్ మనిపిచ్చేటోడు. "దేవుని ముంగట గూడ నీ డబ్బనేనా" అని నేను తిట్టేదాన్ని.

నిమ్మళంగ పోయిండు. పగటీలి అన్నం తిని మంచంల ఒరిగిండు. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే. మా మతంల ఏంటిదంటే పావనీ, మనిషి పోయేటప్పుడు ఫాదర్ వచ్చి నొసట నూనె రాసి, పాపాలు మన్నించి పంపుతడు. మీ తాతకు గది దొరకలే. ఫాదర్ వచ్చేసరికి సేతులు సల్లవడ్డయ్. గదొక్కటి నా గుండెల ముల్లు లెక్క ఉండె. మా సదువుల ఉత్తరించు స్థలమని ఒకటుంటది. మోక్షం పోయే ముందర ఆత్మ కడుక్కునే జాగ. ఆడున్నోళ్లకు మన జపాలే బువ్వ. మీరు పోయినోళ్ల పేరు మీద పిట్టకు పెడ్తరు గదా, గట్లనే అనుకో, మేం జపం పెడ్తం. మరి నూనె లేకుంట పోయిండాయె, ఆడ ఎంత కష్టపడ్తుండో అని నాకు పరేషాన్.

మట్టి ఇచ్చినంక మీ మామ ఆ తాడు ఇప్పి సెట్టుకు సుట్టిండు. గుంజెటోడు లేడు గదా. ఓనాడు పొద్దుగూకంగ జపమాల సెప్తున్నం. పోయినోళ్ల కోసం సెప్పే జపం కాడికి రాంగనే టంగ్ అన్నది. అందరం పెరటి దిక్కు తిరిగినం. మళ్ల టంగ్. మీ అత్త సుశీల నా సెయ్యి వట్టుకున్నది, గాజు పలిగింది. తెల్లారి గదే యాళ్లకు మళ్ల.

నాకు భయంగాలే. ఒట్టు, భయంగాలే. సంబురమైంది. నా మనిషి జపం అడుగుతుండు అనుకున్న. సప్పుడు ఇనవడ్డప్పుడల్లా ఇంకో పరలోక జపం ఎక్కువ సెప్పేదాన్ని. అరుగు మీద కూసుండి మాట్లాడేదాన్ని గూడ. "జామకాయలు సల్లగుండ, ఇగ పండుకోరాదు" అని. మీ అత్తనేమో పొద్దుగూకితే గిన్నెలు తోమనీకె బయటికి రాదు. నాగారం పోత, మా అమ్మోళ్లింట్ల ఉంట అన్నది.

ఎదురింటి బాలమణి సెప్పింది, "ఆయనకేదో కోరిక మిగిలిందక్కా, కల్లంటే పాణమిచ్చేటోడు గదా, ఆయన పేరు మీద ఇంత కల్లు సాక పొయ్యి" అని. పోసిన్నా? పోసిన. ఏంజేయాలె మరి, పాణం గుంజుతది. ఓ సీసల కల్లు సెట్టుకింద పెట్టిన. పొద్దుగాల సూస్తే సీస ఖాళీ! తర్వాత తెలిసింది, బాలమణి మొగడే గోడ దుంకి తాగిండు. ఆ ఇంటోళ్లకే కోరిక మిగిలింది.

ఇగ మీ అత్త పట్టువట్టింది. గండిమైసమ్మ దిక్కు ఎవలో తాయెత్తు కడ్తరంట, పోదమన్నది. మీ మామ "మనం అటు పోవద్దు, ఫాదర్‌ను పిలుద్దాం" అన్నడు. ఫాదర్ వస్తుండంటే మాటలా? ఇల్లంత దులిపిండ్రు, సున్నం ఏసిండ్రు, పెరడు ఊడ్సిండ్రు. ఫాదర్ వచ్చి అర్ర అర్రకు తీర్థం సల్లిండు. జపం సెప్పి ఉప్పు ఆశీర్వదించి నాలుగు మూలల పోసిండు. కడప మీద మరియమ్మ తల్లి పతకం కొట్టించిండు. ఏ కీడూ గీ కడప దాటది అన్నడు. అందరం ఆమెన్ అన్నం. నేను గూడ అన్న.

ఆ పొద్దు జపమాల కాడ సప్పుడు లేదు. తెల్లారి లేదు. ఆ తెల్లారి గూడ లేదు.

మీ అత్త హాయిగ నిద్రవోయింది. నాకు ముద్ద దిగలే. ఎందుకో సెప్పు? కీడు దాటది అన్నడు గదా, మరి ఆ కడప నా మనిషి గూడ దాటకవాయె. దయ్యాలకని పెట్టిన గొళ్లెం నా రాయప్పకు వడ్డది. నూనె లేకుంట పోయినోడు, జపం కోసం ఇంటికొస్తే నేనే ఆమెన్ అని బయటికి నూకిన. ఆడ ఉత్తరించు స్థలంల ఎవలున్నరు ఆయనకు? ఏమనుకుంటుండో నన్ను? గిదే కుమిలిపోయిన.

ఇగ సూడు నా తెలివి. అందరు చర్చికి పోయిన్నాడు నడుము నొస్తదని ఇంట్ల ఉన్న. నాలుగు మూలల ఉప్పు ఊడ్సిన. సర్ఫ్ ఏసి కడపలన్నీ రుద్ది రుద్ది కడిగిన. పతకం పీకి బియ్యం డబ్బల దాసిన. "రా ఇగ, ఎవలు లేరు, జల్దీ రా" అన్న. ఏది? సప్పుడు లేదు. మీ అత్త బియ్యం కడుగుతుంటే పతకం సేతికొచ్చింది. ఇంట్ల పెద్ద లొల్లి. నాకు దయ్యం వట్టిందని ఆమె, అమ్మను ఏమనకు అని మీ మామ. మళ్ల ఫాదర్‌ను పిలిచిండ్రు.

పిల్ల ఫాదర్, మన జోసెఫ్ ఈడు ఉంటడు. నేను తల కింద పెట్టుకొని అంత సెప్పిన. కోపం జేస్తడనుకున్న. జేయలే. "ఆ సప్పుడు ఏడికెల్లి వచ్చేదమ్మా, సూపియ్యి" అన్నడు. పెరట్లకు తీస్కపోయిన. సెట్టు దిక్కు సెయ్యి సూపిన.

డబ్బ లేదు.

తీగ ఉంది, ఏలాడుతుంది. డబ్బ లేదు. గిన్ని రోజులు అరుగు మీద కూసుండి సెవులు పెట్టిన గని, తలకాయెత్తి సూడలే నేను. మీ అత్త మీ మామ దిక్కు సూసింది. మీ మామ సెట్టు దిక్కు సూసిండు. "ఫాదర్ వస్తుండని సాపు జేస్తుంటిమి గదనే, తుప్పువట్టి ఉండె, పాత సామానోడు వస్తే ఏసేసిన" అని గొణిగిండు. "ఏమిచ్చిండు వాడు?" అన్న. "ఉల్లిగడ్డలు" అన్నడు.

నా మనిషి డబ్బను ఉల్లిగడ్డలకు అమ్ముకొని, ఆ ఉల్లిగడ్డల పులుసు తింటిమి బిడ్డ! ఫాదర్‌కు నవ్వు ఆగలే, అద్దాలు తీసి కండ్లు తుడుసుకున్నడు. నేను ముందుగాల ఏడ్సిన, తర్వాత నవ్విన, మళ్ల ఏడ్సిన. తీర్థం ఎల్లగొట్టలే నా మనిషిని! పాత సామానోడు ఎత్తుకపోయిండు!

నిమ్మళమైనంక అడిగిన. మరి మొదలు కొట్టిందెవలు ఫాదర్, ఆయననేనా? "గాలో సిలుకనో నేను సెప్పలేనమ్మా" అన్నడు, "సప్పుడు ఇనవడితే నువ్వేం జేసినవ్?" "జపం జేసిన." "ఆ జపం ఆయనకు ముట్టింది. డబ్బతో ఏం పని?" అన్నడు. మళ్ల అడిగిండు, "పెట్టె మూసే ముందల ఆయన మీద తీర్థం సల్లిందెవలు?" నేనే సల్లిన ఫాదర్ అన్న. "నువ్వు సల్లిన నీళ్లతోనే గదా ఆయన పోయింది, గవే నీళ్లు ఇంటి ముంగట ఎట్ల అడ్డం వడ్తయ్? అవి కీడుకు గొళ్లెం. మన అనుకున్నోళ్లకు గాదు. నూనె రాయలేదని దేవుడు ఎవల్ని వాకిట్ల నిలవెట్టడు."

నెత్తి మీది మోపు దించినట్టయింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టుకున్న. పతకం నేనే కొట్టిన మళ్ల కడప మీద. మీ మామ సిగ్గుకు కొత్త డబ్బ తెచ్చి కట్టిండు గని, అది టప్పు టప్పు అంటది, మోగది. జామకాయలు సిలుకలే తింటున్నయ్. తిననీ.

ఏంది, ఏమన్న అడుగుతవా? అడుగు.

"అది తాతగారి సంగతి అవ్వా. మా నాన్న జ్ఞానస్నానం తీసుకోలేదు కదా. మీ వాళ్లు కాదు కదా."

గది గూడ నేనెప్పుడో అడిగిన తియ్యి. నీకు సెప్పలే. సమాధుల పండుగకు, మీ నాయిన పోయిన యాడాదే, పోయినోళ్ల పేర్లు సదివి పూజ జేస్తరు మా దగ్గర. మీ తాత పేరిచ్చిన. దాని పక్కకే మీ నాయిన పేరిచ్చిన. ఫాదర్ సూసి, "వెంకటేశ్వర్లు... ఈయన మనోడేనా అమ్మా?" అన్నడు. మా పిల్లకు నాయిన, మనోడు గాక ఎవలోడు అన్న. పేరు రాసుకున్నడు ఆయన. గట్టిగ సదివిండు. గుడిల వెంకటేశ్వర్లు అని ఇనంగనే ముందు కూసున్నోళ్లంత ఎనుకకు తిరిగి సూసిండ్రు. నేను దర్జాగ కూసున్న.

మళ్ల ఏడుస్తున్నవ్. గిది మంచి ఏడుపు, ఏడువు. గుండె తేలికైతది.

అయింది గదా, లే. ఆ గూట్ల తీర్థం సీస ఉంది సూడు, అడుగున ఇంత మిగిలింది. పట్కరా. ఫాదర్ సల్లితే అడ్డం పెడ్తివి, ఇగ నువ్వే సల్లు మీ నాయినకు. ఏమన్నాలె అంటవా? ఏమనకు. రా నాయినా, గిది నీ బిడ్డ ఇల్లు అను, సాలు. సల్లినవా? ఆ, గట్ల. ఇగ నువ్వు ఇటు రా, నీ నెత్తి మీద గూడ రెండు సుక్కలు... నూరేండ్లు సల్లంగుండు బిడ్డ. మీ నాయిన సూస్తుండు, మీ తాత సూస్తుండు, నీకేం గాదు. కండ్లు తుడుసుకో, జోసెఫ్ వస్తుండు, నేనేదో అన్ననుకుంటడు.