చిన్న తప్పులు కొత్తవాళ్లకు వదిలిన నఫీసా గారు

నఫీసా గారి కుటుంబ సభ్యులకు, గుడివాడ నుంచీ దివిసీమ నుంచీ బస్సులెక్కి బందరు వచ్చిన మిత్రులకు నమస్కారం. పోయిన గురువారం ఆమె మనల్ని వదిలి వెళ్లారు. 'కాలువ కబురు'లో పనిచేస్తామని కొత్తగా వచ్చేవాళ్లను పలకరించే మనిషి ఇప్పుడు లేరు. ఆ రోజు నుంచి పదకొండు మంది మెసేజ్‌లు పెట్టారు. నిన్నటిదాకా ఎవరికీ జవాబు వెళ్లలేదు.

తెలియనివారి కోసం చెబుతాను. ఏ ఊరి కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో రైతుకు చూపించే యాప్ కాలువ కబురు. అది ఎవరి సొత్తూ కాదు. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. నఫీసా గారికి కోడ్ రాదు. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎంక్వయిరీలో పనిచేశారు. అడిగినవాళ్లకు విసుక్కోకుండా చెప్పడం వచ్చు.

నేను విలేకరిని, ఆమె మీద వార్త రాద్దామని వెళ్లాను. "వార్త తర్వాత రాద్దురు గానీండి, ముందు యాప్‌లో పామర్రు పేజీలో వాక్యం సగంలో ఆగిపోయింది, పూర్తి చెయ్యండి" అన్నారు. నలభై నిమిషాలు పట్టింది. వార్త ఇంతవరకూ రాయలేదు.

అంత చిన్న తప్పు అప్పటిదాకా ఎవరూ ఎందుకు దిద్దలేదు? ఆమె దిద్దనివ్వలేదు. అలాంటివన్నీ కొత్తవాళ్ల కోసం అట్టే పెట్టేవారు. ఒక ఆదివారం మన సీనియర్ కార్తీక్ ఖాళీగా ఉండి ఇరవై తప్పులు దిద్దేశాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. "ఇరవై మంది నోటి దగ్గర ముద్ద లాగేశావు కదయ్యా!" అన్నారు.

నవ్యశ్రీ ఇక్కడే ఉంది. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతూ తను చేసిన మొదటి మార్పుతో నీళ్లు వదిలే వేళ సాయంత్రం ఆరు కాస్తా ఉదయం ఆరైంది. నందివాడ రైతులు పారలు పట్టుకుని ఎండిన కాలువ గట్టున నిలబడ్డారు. నవ్యశ్రీ ఇక మానేస్తానంది. నఫీసా గారు తిట్టారా? లేదు. ఓదార్చారా? అదీ లేదు. బస్సెక్కించి నందివాడ తీసుకెళ్లారు. రైతు బసవపున్నయ్య గారు ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, "నన్ను పొద్దున్నే లేపింది నువ్వేనా? నలభై ఏళ్లలో మా ఆవిడ వల్ల కాలేదమ్మా!" అన్నారు. ఉత్త అంకె కాకుండా గంట పక్కన పొద్దున, సాయంత్రం అని రాయమన్నదీ ఆయనే. నవ్యశ్రీ రాసింది. ఇవాళ్టికీ అలాగే ఉంది.

నవ్వండి, ఫర్వాలేదు. ఆమె ఉంటే ముందు నవ్వేది ఆమే.

మిత్రులారా, కొత్తవాళ్లకు ఆమె ఒక్క రోజులో జవాబిచ్చేవారు. "రెండో రోజు దాటితే మళ్లీ రారు" అనేవారు. ఇవాళ ఆరో రోజు. అవనిగడ్డ నుంచి రాసిన దయామణికి ఈ ఉదయం నేను జవాబు పెట్టాను. పది నిమిషాల్లో, "ఏం చెయ్యమంటారండీ?" అని అడిగింది. ఇంకా పది మంది ఉన్నారు. మనం ఎనభై మందిమి. పేర్లు నవ్యశ్రీ దగ్గర ఉన్నాయి. గుమ్మం దాటేలోగా పంచుకోండి.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. నఫీసా గారిని తలుచుకుంటూ రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉందాం. రెండే నిమిషాలు. అవతల పది మంది ఎదురుచూస్తున్నారు.