డేవిడ్‌రాజు డోలక్‌కి కట్టిన కొండి

ఆ డోలక్ తాడుకి కట్టిందేందని అడుగుతుండావా? పీకబాకమ్మాయ్. అది ఎండ్రకాయ కొండి, మీరు పీత అంటారే, దాని చెయ్యి. మీ తాత డేవిడ్‌రాజు వేలికి వేలాడిన కొండి. నువ్వు పుట్టకముందే పొయ్యినాడు గదా, నీకెట్టా తెలుస్తాది. కూర్చో. అట్టా కాదు, సరిగ్గా కూర్చో. మన ఉదయగిరి చర్చిలో మీ తాత డోలక్ కొడితే కొండ మీద మేకలు తలెత్తేయి. నేను ఎక్కువ చేసి చెప్పేది కాదు, ఆ మేకలు కాసే పెంచలనరసయ్యే చెప్పినాడు. అయితే నోరు ఊరకుండదు, పాటకీ పాటకీ మధ్య ఆడోళ్ళని నవ్వించేది. చర్చిలో నవ్వులాటలేంది? కానీ మాట అన్నాడంటే అన్నట్టే. ఆ గుణం చూసే, పక్కన కూర్చోని పాడే నేను ఓర్చుకున్నా.

తొంభై నాలుగు క్రిస్మస్. కుర్రోళ్ళు మైపాడు సముద్రానికి పొయ్యి, పశువులపాక బొమ్మ చుట్టూ పేర్చేదానికి గోతాం నిండా నత్తగుల్లలు ఏరుకొచ్చినారు. ఒట్టి గుల్లలే అనుకున్నాం. మెట్ట మనుషులం, గట్టుమీద ఎండ్రకాయ తప్ప మాకేం తెలుసు? ఆరాధన మధ్యలో ఒక గుల్ల లేచి నడిచింది! నడుచుకుంటా వచ్చి మీ తాత వేలు పట్టుకునింది. "తేలురోయ్!" అని చెయ్యి విదిలించినాడు. గుల్లా, దాంట్లో కాపురముండే ఎండ్రకాయా పొయ్యి ఆడ పడినాయి, కొండి మాత్రం వేలికే ఉండాది. పాస్టరుగారు కూడా నవ్వినారు. నేను నవ్వలా. మీ తాతా నవ్వలా. "పరంజ్యోతన్నా, దేవుడింట్లో పండగ పూట ఒక ప్రాణి చెయ్యి విరిచినా. దానికి చెయ్యి వచ్చిందాకా డోలక్ ముట్టను" అన్నాడు. "ఒరే, ఆలోచించి అను" అన్నా. "అనేసినాలే అన్నా." మీ అవ్వ రాహేలమ్మ పుట్టిల్లు మైపాడే గదా, ఆమె కొట్టిపారేసింది. "నువ్వు విరిచేదేందయ్యా, లాగితే అదే వదిలేసి ప్రాణం దక్కించుకుంటాది. మళ్ళీ మొలుస్తాదిలే. ఆ పెద్ద కొండి దానికి తలుపు, లోపలికి ముడుచుకోని అడ్డం పెట్టుకుంటాది. పాపం, తలుపు లేని ఇల్లయింది" అని బేసినులో తడి ఇసక పోసి, ఉప్పునీళ్ళు పెట్టి, కొబ్బరి ముక్కలేసి సాకింది.

డోలక్ లేని పాటలు గాలి పొయ్యిన సైకిల్ మాదిరి ఈడ్చినాయి. ఎన్నడూ చర్చి గడప తొక్కని పెంచలనరసయ్య రోజూ గోడమీద నుంచి "ఏం డేవిడూ, మీవాడికి మొలిచిందా?" అనేవాడు. ఫిబ్రవరిలో అది ఇసకలో పూడుకునింది. ఎన్నాళ్ళకీ రాలా. చచ్చింది, పారెయ్యమన్నారు. "ఇసక ముట్టినోడి చెయ్యి విరుస్తా, అది మళ్ళీ మొలవదు" అని మీ అవ్వ గరిటె పట్టుకోని కాపలా. మీ తాత మొహం వాడిపొయ్యింది. "నా డోలక్ కూడా దాని పక్కనే పూడ్చండి" అన్నాడు. ఈస్టర్ ముందర ఒక పొద్దున, పాత చర్మం ఇసకలోనే వదిలేసి బయటికొచ్చింది చూడు! ఊడినచోట కందిగింజంత కొండి, లేతగా. మీ తాత బేసిను నెత్తిన పెట్టుకోని వీధంతా పరుగు! ఈస్టర్ ఆరాధనకి డోలక్ ముందర కూర్చున్నాడు. ఒక్క చిటికెనవేలుతో, టిక్. అంతే. "ఏందిరా ఇది?" అన్నా. "చిన్నదే గదన్నా మొలిచింది. ఎంత కొండికి అంత చప్పుడు" అన్నాడు. అది చర్మం విడిచినప్పుడల్లా కొండి పెద్దదయ్యేది, మీ తాత ఇంకో వేలు కలిపేవాడు. పాస్టరుగారే ముందుగా "ఈ వారం ఎన్ని వేళ్ళు రాజూ?" అని అడిగేదాకా వచ్చింది. మళ్ళీ క్రిస్మస్‌కి కొండి తలుపు మూసేటంత అయింది. మీ తాత రెండు చేతులూ ఎత్తినాడు. ఏం కొట్టినాడమ్మాయ్! తోలు చీలింది. నా కాలు కూడా ఆడింది, అది చలికిలే. ఆ ఎండ్రకాయని మీ అవ్వ పుట్టింటికి పొయ్యినప్పుడు సముద్రంలో వదిలొచ్చింది. ఆ తోలు నేనే మార్పించినా. మీ తాత పొయ్యినాక దాన్ని ఎవురూ...

సరే, చేతులు కడుక్కున్నావా? అయితే దించు ఆ డోలక్‌ని. ఒక్క వేలుతో ఏందే? కొట్టు!