వెనక మెట్ల తాళం

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపల్ మధుకర్ గారికి, వేదిక మీది పెద్దలకు, భోజనాల వాసన వస్తున్నా మర్యాదగా కూర్చున్న సహోద్యోగులకు, విద్యార్థులకు, నా అబద్ధాలు పట్టుకోవడానికే మొదటి వరుసలో కూర్చున్న నా భార్య జ్యోతిరాణికి నమస్కారం. (నవ్వులు)

బోధన్‌లో ఈ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి ఈ రోజు రిటైరవుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు అగ్నిప్రమాద భద్రతా కమిటీ కన్వీనర్‌ని. ఆ కమిటీలో కన్వీనరే ఉన్నాడు, సభ్యులు లేరు. మొదటి డ్రిల్లు గుర్తుందా? బెల్లు ఆగకుండా మోగితే అందరూ బయటికి రావాలన్నాను. నాలుగు వందల మంది మూడు నిమిషాల్లో బయటికొచ్చి, మైదానం దాటి, గేటు దాటి, మోస్రా బస్సూ చందూర్ బస్సూ ఎక్కి ఇళ్లకు వెళ్లిపోయారు. లెక్కపెట్టడానికి నేనూ, ఆఫీసు టైపిస్టు ధనుంజయ్ మిగిలాం. "పరేషాన్ గాకుండ్రి సార్, మనిద్దరం సేఫే" అన్నాడు. (నవ్వులు)

మూడేళ్ల కిందట నిజంగానే మంటలొచ్చాయి. మధ్యాహ్నం మొదటి అంతస్తులో కంప్యూటర్ ల్యాబు బ్యాటరీలు అంటుకున్నాయి. ముందు మెట్లు పొగతో నిండిపోయాయి. రెండో అంతస్తులో నేనూ, నా క్లాసులో అరవై మంది పిల్లలూ. వెనక మెట్ల తలుపుకు ఏళ్ల తరబడి తాళం. తాళంచెవి నా బాధ్యత. అది మా ఇంట్లో ఎక్కడుందో నాకే తెలియదు.

కానీ తలుపు తోయగానే తెరుచుకుంది. ఎందుకంటే అంతకు వారం ముందే, మన కాలేజీ ఊడ్చే ఈరవ్వ, నీళ్ల బకెట్లు మోస్తూ చుట్టూ తిరగలేక ఆ తాళాన్ని రాయితో పగలగొట్టింది. అందుకు నేనామెకు మెమో ఇచ్చాను. చదవడం రాక నా దగ్గరికే తెచ్చింది: "గిండ్ల ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి సారూ." చదివి వినిపించాను. "గంత చిన్న తాళానికి గింత పెద్ద కాయితమా?" అంది.

పిల్లలందరూ దిగారు. నేను మళ్లీ పైకెక్కాను. ఎవరైనా మిగిలారేమోనని చూడ్డానికి వెళ్లానని ఇందాక మధుకర్ గారు కూడా పొగిడారు. కాదు, మిత్రులారా, నా టిఫిన్ డబ్బా కోసం వెళ్లాను. ఆ నెలలో అప్పటికే రెండు పోగొట్టాను. జ్యోతీ, అలా చూడకు. (నవ్వులు)

పొగలో దారి తెలియలేదు. దగ్గుతూ కూలబడ్డాను. ఈరవ్వ వచ్చి నా చొక్కా పట్టి లాగింది. "డబ్బ కోసం సస్తవా సారూ? నడువు!"

ఆ తలుపు మూసే ఉంటే అరవై ఇళ్లకు ఏం చెప్పేవాణ్ణో, ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేకపోయాను. ఆ ఏడాది సాహసానికి శాలువా నాకు కప్పారు. మెమో మాత్రం ఆమె ఫైల్లోనే ఉండిపోయింది. ఈ ఉదయం దాన్ని రద్దు చేస్తూ ప్రిన్సిపల్ గారు సంతకం పెట్టారు. ఇదిగో ఆ ఉత్తర్వు. ఈరవ్వా, నన్ను క్షమించు. (చప్పట్లు)

ఏంటి? వెనక నుంచి ఏదో అంటోంది, కాస్త వినండి.

"గా కాయితం మంచిగనే ఉంది సారూ! గని గా తలుపుకు మొన్న మల్ల కొత్త తాళం ఏసిండ్రు!"

(అధ్యక్షుడి వైపు తిరిగి)

మధుకర్ గారూ, తాళంచెవి ఎవరి దగ్గరుంది?... తెలియదా? సరే. భోజనాలు పది నిమిషాలు ఆగుతాయి. ఈరవ్వా, రాయి వెతుకు, నేనూ వస్తున్నాను. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ మనసారా కృతజ్ఞతలు. సెలవు.