సంతకానికి ముందు నిలబడాలి

అమ్మలారా, అయ్యలారా, మా వీధిదీపాల విభాగంలోని అన్నలారా, అక్కలారా! ముందు వరసలో కూర్చున్న మేడమ్ గారూ! ఇన్నేళ్ళ తోడును పోగొట్టుకున్న మీ దుఃఖం ముందు మా మాటలు ఏపాటివి? అయినా పది రోజులుగా మా సార్ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని పనిచేస్తున్నాను. ఈరోజు నోరు విప్పకుండా ఉండటం నా వల్ల కాదు.

మనమంతా చాటుగా ఆయన్ని "స్తంభాలాయన" అనేవాళ్ళం. ఆయనకు తెలియదనుకున్నాం. ఒకరోజు ఫోనెత్తి తనే, "స్తంభాలాయన్నే మాట్లాడుతున్నా, చెప్పండి" అన్నారు. గదిలో ఒక్కరు తలెత్తితే ఒట్టు!

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటి మనిషిని నేను. మా అమ్మ రోడ్లు ఊడుస్తుంది. ఉద్యోగంలో నాకిచ్చిన మొదటి పని మార్కెట్ కూడలి దీపాల నక్షా గీయడం. తెల్లవారకముందే మా అమ్మ చీపురు పట్టుకుని దాటే కూడలి అది. ఎంత శ్రద్ధగా గీశానో! జనం దాటే తెల్ల గీతలకు సరిగ్గా నడినెత్తిన దీపం పెట్టాను. ఇంతకన్నా వెలుగేముంటుంది అనుకున్నాను.

ఆయన పద్ధతి మీకు తెలుసు. గీసినవాళ్ళే ముదురు రంగు బట్టలేసుకుని, చీకటి పడ్డాక, తాత్కాలికంగా కట్టిన దీపం కింద నిలబడాలి. ఆయన జీపులో దూరం నుంచి వస్తారు. ముఖం కనబడితేనే సంతకం.

నేను నిలబడ్డాను. జీపు వచ్చి ఆగింది. ఆయన దిగి ఒక్కటే అన్నారు: "గీతలు మెరుస్తున్నాయమ్మాయ్. నువ్వే లేవు."

నేను పెట్టిన దీపం నేలను వెలిగించి, మనిషిని నీడలో వదిలేసింది. ఆ క్షణాన నాకు కళ్ళ ముందు మెదిలింది మా అమ్మ.

కోప్పడ్డారా? లేదు. దాటేవాళ్ళ ముఖాన వెలుగు పడేలా, దీపాన్ని బండ్లు వచ్చే వైపుకు జరిపించారు. "రేపు నువ్వు నా పక్కన కూర్చో. రోజూ దాటే మనిషిని పిలుచుకురా" అన్నారు. మా అమ్మను తీసుకెళ్ళాను. "అమ్మగారూ, కొంచెం నిలబడతారా?" అని అడిగారు. మా అమ్మను గారూ అని పిలిచిన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

జీపు కదిలింది. అంత దూరం నుంచే అమ్మ ముఖం కనబడింది. జుట్టు సర్దుకోవడం కూడా కనబడింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగారు. ఆ తర్వాత సంతకం పెట్టారు.

ఆస్పత్రి మంచం మీంచి కూడా ఆయన చూసింది కిటికీ కింది కూడలినే. "మందులకని దాటేవాళ్ళు నల్లటి నీడల్లా పోతున్నారమ్మాయ్" అంటూ దీపం ఎక్కడ పెట్టాలో మందుల చీటీ వెనక గీసిచ్చారు. దాన్ని నేను శుభ్రంగా మళ్ళీ గీశాను. గీసినవారి పేరు దగ్గర ఆయన పేరే రాశాను. గీసినవాళ్ళే కదా నిలబడాలి? ఎక్కడున్నారు సార్ మీరు?

రేపు సాయంత్రం అక్కడ దీపం కడుతున్నాం. మేడమ్ గారు జీపులో కూర్చుంటానన్నారు. సార్ తరఫున నేను నిలబడతాను.

ఇప్పుడు ఆయన కోసం మనమందరం లేచి, మౌనంగా నిలబడదాం. తలలు మాత్రం వంచకండి. ఆయన ఎప్పుడూ వెతికింది మన ముఖాలనే. కనబడనిద్దాం.