నేల మొసలి పుర్రె

లాల్‌దర్వాజాలోని పాత సామాన్ల దుకాణంలో మల్లన్న గోనెసంచి విప్పి, పుర్రెను బల్ల మీద పెట్టాడు. మొసళ్ల పెంపకం కేంద్రంలో మేత వేసే పని చేసి మొన్ననే రిటైరైన ఇషాక్ దాన్ని ముట్టుకోకుండా చూస్తున్నాడు.

“ఇరవై కోట్ల ఏండ్ల కిందిది, భాయ్. మొసళ్ల ముత్తాత. గప్పుడు ఇవి పొడుగు కాళ్లతోని నేల మీద కుక్కల లెక్క ఉరికేటివట.”

“గది నిజమే. మా కేంద్రంల డాక్టర్ సాబ్ గూడ చెప్పిండు.”

“చూసినవా! సాయంత్రం గిరాకీ వస్తున్నడు. అసలుదే అని నువ్వొక్క మాట చెప్తె చాలు.”

“నేల మీద ఉరికేదానికి కళ్లు పక్కలకుండాలె గద, మల్లన్నా. దీనికి నెత్తి మీదున్నయేంది?”

“ఉంటే ఏమైతది?”

“ఒళ్లంత నీళ్లల్ల దాచి, కళ్లొక్కటే పైకి పెట్టి చూసేదానికే గట్లుంటయి. ఇది ఇప్పటి మొసలి.”

“నీకు మస్తు అనుమానం, భాయ్. రంగు చూడు, ఎంత పాతగున్నదో!”

“చాయ్ డికాషన్ల నానబెట్టినవు. వాసనొస్తున్నది.”

ఇషాక్ అప్పుడు చెయ్యి చాపి మూతిని తడిమాడు. కుడివైపు, ఎప్పుడో మానిన దెబ్బ తాలూకు గుంట వేలికి తగిలింది.

“ఇది ఎవరిచ్చిండ్రు?”

“గవన్ని నీకెందుకు?”

“ఇనుప గేటు తగిలి పడ్డ గుంట ఇది. గేటు మూసింది నేనే. పద్దెనిమిదేండ్లు నా చేత్తోని ఏసిన మాంసం తిన్నది. పోయిన ఎండాకాలం సచ్చిపోతే, ఉప్పు పోసి నేనే పాతిపెట్టిన.”

మల్లన్న సంచి అందుకోబోయాడు. ఇషాక్ పుర్రె మీంచి చెయ్యి తీయలేదు.

“ఉండనీ. గిరాకీని రానీ. చెప్పమన్నవు గద, చెప్త.”